హుగ్లీకి ఇవతలి ఒడ్డు: హౌరా కన్న కళాకారులు

కానన్ దేవి, ధనంజయ భట్టాచార్య, నారాయణ్ దేబ్‌నాథ్, రబీన్ మండల్. బెంగాలీ వెండితెర, పాట, బొమ్మల కథ, చిత్రకళ అనే నాలుగు రంగాల్లో నాలుగు పెద్ద పేర్లు ఇవి. నలుగురూ హౌరావాళ్లే. పాఠ్యపుస్తకాల్లోనూ పత్రికల్లోనూ మాత్రం వీళ్లు ఎక్కువగా కలకత్తా కళాకారులుగానే చెలామణి అవుతారు. అందుకు కారణం లేకపోలేదు. స్టూడియోలు టాలీగంజ్‌లో ఉన్నాయి, ప్రచురణ సంస్థలు కాలేజ్ స్ట్రీట్ చుట్టుపక్కల ఉన్నాయి, నాటకశాలలు ఉత్తర కలకత్తాలో ఉన్నాయి. హౌరాకు దక్కినవి జనపనార మిల్లులు, ఇనుప ఫౌండ్రీలు, రైల్వే యార్డులు. పొట్టకూటికి నది దాటినట్టే పేరు కోసమూ నది దాటాల్సి వచ్చేది. 1943లో ఇప్పటి వంతెన తెరిచేదాకా ఆ దాటడం కూడా 1874లో కట్టిన పడవల వంతెన మీదనే.

తెలుగువాళ్లకు హౌరా కొత్త ఊరేమీ కాదు. విజయవాడ, విశాఖపట్నం మీదుగా వెళ్లే మెయిలు ఆగే చివరి స్టేషను అదే. గంజాం, విశాఖ జిల్లాల నుంచి జూట్ మిల్లుల పనికి వలసపోయిన కుటుంబాలు హుగ్లీ ఒడ్డున తరాలుగా ఉన్నాయి. తెలుగు టాకీలకు కూడా ఈ ప్రాంతం తొలి రోజుల్లోనే ఆశ్రయమిచ్చింది. సి.పుల్లయ్య ‘సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) సినిమాలను తీసింది కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకే. కాబట్టి హౌరా కళాకారుల కథలో తెలుగు తెర అప్పుడప్పుడు తొంగిచూడటం విడ్డూరం కాదు.

ఈ ఊరి కళాచరిత్రకు మొదటి పేరు సినిమాకన్నా చాలా ముందుది. మధ్యయుగపు బెంగాలీ సాహిత్యంలో చివరి మహాకవిగా లెక్కించే భారతచంద్ర రాయ్ (1712-1760) ఇప్పటి హౌరా జిల్లాలోని భూర్‌షుట్ పరగణాలో జమీందారీ కుటుంబంలో పుట్టాడు. బర్ద్వాన్ రాజులతో తగవు వచ్చి ఆస్తి పోయింది. సంస్కృతం నేర్చుకున్నాడు, కొలువుకు అక్కరకొచ్చే భాష అది కాదని తెలిశాక దేవానందపూర్ అనే ఊళ్లో పారశీకం నేర్చుకున్నాడు. ఆస్తి కోసం బర్ద్వాన్ వెళ్తే జైల్లో పెట్టారు. తప్పించుకుని ఒరిస్సా పారిపోయాడు. చివరికి అతనికి నీడ దొరికింది ఓ చిన్న ఫ్రెంచి ఊళ్లో. హౌరాకు ఎగువన, అదే ఒడ్డున ఉన్న చందన్‌నగర్ అప్పట్లో ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది. బెంగాలీలు దాన్ని ‘ఫరాస్‌డాంగా’ అనేవాళ్లు. అక్కడ ఫ్రెంచి కంపెనీకి దివానుగా ఉన్న ఇంద్రనారాయణ్ చౌదురి ఈ కవిని చేరదీసి, నదియా రాజు కృష్ణచంద్రుడికి పరిచయం చేశాడు. రాజు అతనికి నెలకు 40 రూపాయల జీతం, ‘గుణాకర’ అనే బిరుదు ఇచ్చి ఆస్థానంలో పెట్టుకున్నాడు.

1752లో ముగించిన ‘అన్నదామంగళ్’ కావ్యంతో భారతచంద్రుడి పేరు నిలిచిపోయింది. అందులోని విద్యాసుందరుల ప్రేమకథ కవి పోయాక కూడా ఊరుకోలేదు. 1795లో గెరాసిమ్ లెబెదెవ్ అనే రష్యన్ కలకత్తాలో తొలి బెంగాలీ నాటకం ఆడించినప్పుడు పాటలకోసం వెతుక్కున్నది భారతచంద్రుడి పద్యాలనే. 1835లో శ్యాంబజార్‌లో నవీన్‌చంద్ర బసు తన ఇంట్లో విద్యాసుందరుల కథను నాటకంగా వేయించి, ఆడవేషాలు ఆడవాళ్ల చేతే కట్టించాడు. ఆ రోజుల్లో అది పెద్ద దుమారం. అంటే బెంగాలీ రంగస్థలం మొదటి అడుగులు వేసేటప్పుడు దాని చేతిలో ఉన్న సరంజామాలో కొంత హౌరా కవి ఇచ్చిందే.

స్త్రీ వేషాలు స్త్రీలే కట్టవచ్చునా అన్న వాదన ఆ తర్వాత వందేళ్లయినా చల్లారలేదు. నటించే అమ్మాయి మంచి కుటుంబం నుంచి వచ్చి ఉండదన్న లోకం తీర్పు మరీ గట్టిది. ఆ తీర్పును తన జీవితంతో ఎదుర్కొన్న మనిషి కానన్ దేవి. 1916 ఏప్రిల్ 22న హౌరాలో పుట్టింది. తండ్రిగా తాను ఎరిగిన మనిషి చనిపోయాక తల్లీకూతుళ్లు దిక్కులేనివాళ్లయ్యారు. బంధువుల ఇంట చేరి అంట్లు తోమే పని చేశారు. ఈ సంగతులను ఆమె 1973లో వచ్చిన తన ఆత్మకథ ‘సబారే ఆమి నమి’లో దాచకుండా రాసింది. తారల ఆత్మకథల్లో సాధారణంగా కనిపించే తీపి పూత ఆ పుస్తకంలో తక్కువ.

పదేళ్ల పిల్లగా ఉన్నప్పుడే 1926లో మదన్ థియేటర్స్ తీసిన ‘జయదేవ్’ మూకీలో చిన్న వేషం వేసింది. కానన్‌బాలగా తెర మీదికొచ్చిన ఈ అమ్మాయికి టాకీలు రావడం వరమైంది; గొంతు ఉంది కనుక. ‘జోర్ బరాత్’ (1931), ‘మా’ (1934), ‘మానమయీ గర్ల్స్ స్కూల్’ (1935) వరసగా పేరు తెచ్చాయి. పి.సి.బారువా తన ‘దేవదాస్’ (1935)లో పార్వతి వేషానికి మొదట ఆమెనే అడిగాడు. రాధా ఫిల్మ్స్‌తో ఉన్న ఒప్పందం కాళ్లకు అడ్డం పడి ఆ వేషం బెంగాలీ నటి జమునకు వెళ్లింది. బారువాతో పనిచేసే అవకాశం రెండేళ్ల తర్వాత న్యూ థియేటర్స్ వారి ‘ముక్తి’ (1937)తో దక్కింది. ఆ సినిమాలో ఆమె పాడిన రవీంద్ర గీతాలు ఒక విధంగా మలుపు. అప్పటిదాకా శాంతినికేతన్ చుట్టూ, చదువుకున్న ఇళ్ల హాళ్లలో వినబడే పాట మిల్లు కూలీ కూర్చునే నేల క్లాసు దాకా వెళ్లింది.

ఆమె పాట పుట్టుకతో వచ్చిన గొంతుతో సరిపెట్టుకున్నది కాదు. భీష్మదేవ్ చటర్జీ దగ్గర శాస్త్రీయం, అనాది దస్తిదార్ దగ్గర రవీంద్ర సంగీతం నేర్చుకుంది. న్యూ థియేటర్స్‌లో రాయ్‌చంద్ బోరాల్ ఆమెకు మైకు ముందు ఎలా పాడాలో నేర్పాడు. పాటను నెమ్మదిగా, మాట్లాడినట్టు పాడటం అప్పటికి కొత్త. ‘విద్యాపతి’ (1937), సైగల్ జోడీగా ‘స్ట్రీట్ సింగర్’ (1938) హిందీలోనూ వచ్చి ఆమెను దేశమంతా ఎరిగిన మనిషిని చేశాయి. 1941లో న్యూ థియేటర్స్ వదిలి బయటికి వచ్చాక చేసిన ‘శేష్ ఉత్తర్’ హిందీ రూపం ‘జవాబ్’ (1942)లో తూఫాన్ మెయిల్ పాట ఆ గ్రామఫోన్ కాలంలో ఉత్తరాదిలో మోగని వీధి లేదంటారు. రైలు ఊరి పిల్లకు రైలు పాట అంతటి పేరు తేవడం కాకతాళీయమే అనుకోవాలి.

1940లో ఆమె అశోక్ మైత్రను పెళ్లి చేసుకుంది. వరుడి తండ్రి హేరంబచంద్ర మైత్ర బ్రహ్మసమాజంలో పెద్ద, పేరున్న అధ్యాపకుడు. ఒక సినిమా తార అలాంటి ఇంటి కోడలు కావడాన్ని కలకత్తా పెద్దమనుషులు అరిగించుకోలేకపోయారు. రవీంద్రనాథ్ టాగూర్ కొత్త దంపతులకు సంతకం చేసిన తన ఫోటో పంపితే దానిమీద కూడా రగడ చేశారు. నటన మానాలన్న పట్టు దగ్గర ఆ కాపురం చెడి, 1945లో విడాకులయ్యాయి. 1949లో హరిదాస్ భట్టాచార్యను పెళ్లాడింది. అదే ఏడు ‘శ్రీమతి పిక్చర్స్’ అనే సొంత సంస్థ పెట్టింది. ఆమె జీవితంలో ఎక్కువ చెప్పుకోవాల్సిన ఘట్టం నిజానికి ఇక్కడ మొదలవుతుంది. హీరోయిన్‌గా వయసు మీరాక తెర మరుగైపోవడమే రివాజుగా ఉన్న రోజుల్లో ఆమె నిర్మాతగా కుర్చీ వేసుక్కూర్చుంది. ‘మేజ్ దీది’ (1950) మొదలు ‘రాజలక్ష్మి ఓ శ్రీకాంత’ (1958) దాకా శరత్‌చంద్ర కథలను వరసగా తెరకెక్కించింది. ముసలితనంలో ఆదరణ లేక అల్లాడే నటీమణుల కోసం ‘మహిళా శిల్పి మహల్’ అనే సంఘం నడిపింది. 1968లో పద్మశ్రీ, 1976లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న కానన్ దేవి 1992 జులై 17న కన్నుమూసింది.

ఆమె అంతగా నమ్ముకున్న శరత్‌చంద్ర చటోపాధ్యాయ పుట్టింది హౌరాలో కాదు, హుగ్లీ జిల్లా దేవానందపూర్‌లో. భారతచంద్రుడు పారశీకం చదువుకున్న ఊరే అది. అయితే 1916లో రంగూన్ నుంచి తిరిగొచ్చాక ఆయన స్థిరపడింది హౌరాలోని బాజే శిబ్‌పూర్‌లో. 1921 నుంచి 1936 దాకా హౌరా జిల్లా కాంగ్రెస్ అధ్యక్షుడు. 1920ల నడుమ రూపనారాయణ నది ఒడ్డున సామ్తాబేడ్‌లో బర్మా పద్ధతిలో రెండంతస్తుల పెంకుటిల్లు కట్టుకున్నాడు. ఆంధ్ర నుంచి వెళ్లే రైలు కోలాఘాట్ దగ్గర రూపనారాయణను దాటగానే వచ్చే దేవుల్టి స్టేషనే ఆ ఇంటికి దగ్గర దారి. ఎక్స్‌ప్రెస్‌లు అక్కడ ఆగవు. హౌరా నుంచి లోకల్ బండెక్కి వెనక్కి రావాలి. చక్రపాణి వంటి అనువాదకుల పుణ్యమా అని శరత్ తెలుగు రచయితే అనుకునే పాఠకులు ఒక తరం పాటు ఉండేవాళ్లు. ‘దేవదాసు’ (1953), ‘తోడికోడళ్ళు’ (1957), ‘బాటసారి’, ‘వాగ్దానం’ (రెండూ 1961) ఆయన కథల మీద లేచిన తెలుగు సినిమాలే.

శిబ్‌పూర్ పేటలోనే కాపురమున్న మరో మనిషి తులసీ చక్రవర్తి (1899-1961). ఈయన కృష్ణనగర్‌లో పుట్టి, హౌరాలో స్థిరపడ్డాడు. కుర్రతనంలో సర్కస్‌తో తిరిగాడు, ప్రెస్సులో కంపోజింగు చేశాడు, స్టార్ థియేటర్లో నటన నేర్చుకున్నాడు. దాదాపు ముప్ఫై ఏళ్లు సినిమాల్లో చిల్లర వేషాలే వేశాడు. ‘పథేర్ పాంచాలి’ (1955)లో ఆయన కనిపించేది కొద్ది నిమిషాలే. ఊరి బడి పంతులు, ఆ బడే కిరాణా కొట్టు. ఒక చేత్తో సరుకు తూస్తుంటాడు, నోటితో పిల్లలకు డిక్టేషన్ చెబుతుంటాడు, కొనడానికి వచ్చినవాడితో లోకాభిరామాయణం సాగుతూనే ఉంటుంది. నడుమ అల్లరి చేసినవాడికి బెత్తం దెబ్బ. నాలుగు పనుల్లో ఏ ఒక్కటీ ఆగదు. గుండ్రటి కళ్లు, బట్టతల, బానపొట్ట తప్ప ఆయన దగ్గర వేరే మేకప్పు లేదు. ఆ కళ్ల కోసమే సత్యజిత్ రాయ్ ‘పరశ్ పాథర్’ (1958)లో ఆయన్ను కథానాయకుణ్ణి చేశాడు. ఇనుమును బంగారం చేసే రాయి దొరికిన ఒక గుమాస్తా కథ అది. ముందే ‘సాఢే చువాత్తర్’ (1953)లో మెస్సు యజమానిగా కడుపుబ్బ నవ్వించాడు. ఉత్తమ్‌కుమార్, సుచిత్రాసేన్ జంటకు తొలి సినిమా అని దాన్ని చెప్పుకుంటారు కానీ, ఇవాళ చూస్తే సినిమా మోసింది తులసీ చక్రవర్తి, ఆయన భార్యగా వేసిన మలినా దేవి.

హౌరా జిల్లా ఉత్తర కొసన గంగ ఒడ్డునే ఉంది బాలి. బేలూరు మఠం పక్కనే. అవతలి ఒడ్డున దక్షిణేశ్వర కాళి గుడి. ఆ వాతావరణంలో పుట్టిన ధనంజయ భట్టాచార్య (1922-1992), అతని తమ్ముడు పన్నాలాల్ (1930-1966) శ్యామా సంగీతానికి ఇంటింటి పేర్లయ్యారు. కాళిని తల్లిగా పిలుస్తూ, అలుగుతూ, నిలదీస్తూ సాగే బెంగాలీ భక్తిగీతాలివి. భద్రాచల రామదాసు రాముణ్ణి లెక్క అడిగిన ధోరణి తెలిసిన తెలుగు శ్రోతకు వీటి రుచి వెంటనే పట్టుబడుతుంది. పన్నాలాల్ గొంతులో ఏడుపు, వేడికోలు కలగలిసి ఉంటాయి. ముప్ఫై ఆరేళ్లయినా నిండకుండా అతను పోయాడు. ఇప్పటికీ కాళీపూజ రాత్రి పందిళ్లలో మైకు పెట్టారంటే మొదట మోగేది అతని రికార్డే.

అన్న ధనంజయ దారి వేరు. భక్తిగీతాలతోపాటు ఆధునిక గీతాలు, సినిమా పాటలు పాడాడు. ‘సాధక్ రామప్రసాద్’ (1956)లో తెర వెనక గొంతు అతనిదే. తెలుగువాళ్లకు అతనితో ఉన్న చుట్టరికం మాత్రం ‘పాశేర్ బాడి’ (1952) ద్వారా కలిసింది. అరుణ్ చౌదురి కథ. పక్కింటి అమ్మాయిని ప్రేమించిన కుర్రాడికి పాట రాదు. కిటికీ దగ్గర వాడు పెదవులాడిస్తుంటే చాటు నుంచి స్నేహితుడు పాడతాడు. సలీల్ చౌదురి బాణీలకు ధనంజయ పాడిన పాటలే ఆ సినిమాకు ప్రాణం. మరుసటి ఏడాదే ఈ కథను సి.పుల్లయ్య ‘పక్కింటి అమ్మాయి’ (1953)గా తీశాడు. రేలంగి ప్రేమికుడు, అంజలీదేవి పక్కింటి అమ్మాయి. చాటు గొంతు ఎ.ఎం.రాజా, వేషమూ పాటా రెండూ ఆయనవే. హిందీలో అదే కథ ‘పడోసన్’ (1968) అయింది, గొంతు కిశోర్‌కుమార్‌ది. 1981లో తెలుగులో మళ్లీ ‘పక్కింటి అమ్మాయి’గానే వచ్చినప్పుడు చంద్రమోహన్ వెనక చాటున నిలబడింది ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. నిజమైన గాయకుడే తెరమీద గాయకుడిగా కనబడాలన్న సంప్రదాయం ఈ కథకు ఇలా భాషలు మారినా తప్పలేదు.

తెరమీద కాదు, కాగితం మీద హౌరాకు పేరు తెచ్చినవాడు నారాయణ్ దేబ్‌నాథ్. 1925 నవంబరు 25న శిబ్‌పూర్‌లో పుట్టాడు. ఇంటి వృత్తి బంగారం పని. ఇండియన్ ఆర్ట్ కాలేజీలో ఐదేళ్లు చదివి, చివరి పరీక్ష రాయకుండానే బయటికొచ్చేశాడు. సినిమా హాళ్లలో వేసే స్లైడ్లు, సింధూరం, పారాణి సీసాల లేబుళ్లు గీసి పొట్ట పోసుకున్నాడు. 1950 ప్రాంతంలో దేవ్ సాహిత్య కుటీర్ ప్రచురణ సంస్థతో పరిచయమయ్యాక పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం మొదలైంది. ఆ సంస్థ పత్రిక ‘శుక్‌తారా’లో 1962లో ‘హాందా భోందా’ వచ్చింది. ఒకడు బక్కపలచన, తెలివి ఎక్కువ; రెండోవాడు లావు, అమాయకుడు. ఎత్తులన్నీ హాందావి, చివరికి వీపు వాచేదీ అతనికే. నగల కొట్టు అరుగు మీద కూర్చుని చూసిన పేట కుర్రాళ్ల ఆగడాలే ఈ కథలకు ముడిసరుకని ఆయన చెప్పుకున్నాడు.

1965లో వచ్చిన ‘బాంటుల్ ది గ్రేట్’ బెంగాలీ పిల్లలకు సొంత మహాబలుడు. గులాబీ రంగు బనీను, నల్ల నిక్కరు, కొండంత ఛాతీ, పుల్లల్లాంటి కాళ్లు. చెప్పులుండవు. తుపాకీ గుండు అతనికి తగిలి వెనక్కి తిరుగుతుంది. బంగ్లాదేశ్ యుద్ధకాలంలో సంపాదకుల కోరిక మీద అతను టాంకుల్ని కూడా చేత్తో ఎత్తి విసిరాడు. కానీ ఇంట్లో ఇద్దరు మేనల్లుళ్లు పెట్టే తిప్పలు మాత్రం తప్పేవి కావు. 1969లో ‘కిశోర్ భారతి’ పత్రికలో మొదలైన ‘నంటే ఫంటే’ హాస్టలు పిల్లల కథ. అందులో సీనియర్ కెల్టూ, సూపరింటెండెంట్ పాతీరామ్ హాతీ లేని సంచిక లేదు. కథ ఆలోచించడం, పెన్సిలు గీత, ఇంకు, మాటల బుడగల్లో అక్షరాలు కుదురుగా రాయడం అన్నీ ఆయన ఒక్కడే చేసుకునేవాడు. అమెరికాలోనూ ఫ్రాన్సు, బెల్జియంలలోనూ ఈ పనిని స్టూడియో పెట్టి పదిమందికి పంచుతారు. ‘హాందా భోందా’ను ఇలా ఒంటిచేత్తో యాభై ఏళ్లకు పైగా లాగాడాయన. గుర్తింపు మాత్రం తీరుబడిగా వచ్చింది. సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం 2013లో, పద్మశ్రీ 2021లో. 2022 జనవరి 18న మరణించేదాకా ఆయన శిబ్‌పూర్ విడిచి వెళ్లలేదు.

నవ్వించే బొమ్మలకు పూర్తిగా అవతలి కొసన ఉంటాయి రబీన్ మండల్ (1929-2019) చిత్రాలు. హౌరాలోనే పుట్టి పెరిగాడు. చిన్నతనంలో మోకాలి జబ్బుతో మంచం పట్టి, కాలక్షేపానికి బొమ్మలు గీయడం మొదలుపెట్టాడు. మరికాస్త పెద్దయ్యేసరికి 1943 కరువు, 1946 మతకల్లోలాలు కళ్లముందే జరిగాయి. 1964లో ఏర్పడిన ‘కలకత్తా పెయింటర్స్’ బృందం వ్యవస్థాపకుల్లో ఒకడు. ఆయనకు పేరు తెచ్చింది రాజుల వరస. సింహాసనం ఉంటుంది, కిరీటం ఉంటుంది. రాజు మాత్రం చెక్కలో చెక్కిన ఆదిమ దేవత మొహంతో, ఖాళీ కళ్లతో, ఎవరూ మిగలని సభలో కూర్చుని ఉంటాడు. రంగు దట్టంగా, గీత మొరటుగా ఉంటాయి. అందంగా లేవని మొదట్లో కొనేవాళ్లు వెనకాడారంటే నమ్మవచ్చు. అందంగా ఉండాలని ఆయన గీయలేదు మరి.

ఇక రచయితల వైపు నుంచి తెరకు దారి వేసినవాడు శంకర్‌గా పేరుపడిన మణిశంకర్ ముఖోపాధ్యాయ. 1933లో బనగావ్‌లో పుట్టినా బాల్యం, చదువు హౌరాలోనే. తండ్రి పోవడంతో చిన్న వయసులోనే రకరకాల పనులు చేసి, కలకత్తా హైకోర్టులో చివరి ఇంగ్లీషు బారిస్టరు నోయెల్ బార్వెల్ దగ్గర గుమాస్తాగా చేరాడు. ఆ కోర్టు అనుభవాలే తొలి పుస్తకం ‘కత అజానారే’. దాన్ని ఋత్విక్ ఘటక్ సినిమాగా మొదలుపెట్టి పూర్తిచేయలేకపోయాడు. పెద్ద హోటల్లో పనిచేసేవాళ్ల లోకాన్ని చూపిన ‘చౌరంగీ’ నవల 1968లో ఉత్తమ్‌కుమార్‌తో తెరకెక్కింది. సత్యజిత్ రాయ్ ‘సీమాబద్ధ’ (1971), ‘జన అరణ్య’ (1976) కూడా శంకర్ నవలలే. మొదటిది పంకాల కంపెనీలో పై మెట్టు కోసం మనస్సాక్షిని చంపుకునే అధికారి కథ. రెండోది ఉద్యోగం దొరక్క దళారీ వ్యాపారంలో దిగి, ఆర్డరు కోసం ఏ పనికి ఒడిగట్టాడో తెలిసి కూడా ఆగలేకపోయిన కుర్రవాడి కథ. సునీల్ గంగోపాధ్యాయ నవల మీద తీసిన ‘ప్రతిద్వంది’ (1970)తో కలిపి విమర్శకులు ఈ మూడింటికీ పెట్టిన పేరు ‘కలకత్తా త్రయం’. మూడింట రెండు కథలు రాసింది హౌరాలో పెరిగిన మనిషి.